హీరో వెనకాల గోడ

మా ఇంట్లో ఎవరూ నాతో కలిసి సినిమా చూడరు. అందరూ హీరో ముఖం చూస్తుంటే నేను అతని చెవి పక్కన వేలాడే బొమ్మను చూస్తాను. కథ మంచి పట్టులో ఉన్నప్పుడు రిమోట్ లాక్కుని ఆపేస్తాను. అది అచ్చు వేసిన బొమ్మా, చేత్తో గీసిందా, గీసిన మనిషి ఉన్నాడా పోయాడా, సినిమా వాళ్లు అతన్ని ఒక మాటైనా అడిగారా అని గొణుగుతాను. మా ఆయన కొన్నేళ్లు ఓపిక పట్టాడు. ఇప్పుడు నేను సోఫా వైపు వస్తుంటేనే ఏదో పని గుర్తొచ్చినట్టు లేచి వంటింట్లోకి వెళ్లిపోతాడు.

ఇదంతా ఉద్యోగం అంటించిన రోగం. పొద్దున బోరబండలో లోకల్ రైలెక్కి, తర్వాతి స్టేషన్‌లో దిగి, హైటెక్ సిటీలో ఒక అద్దాల బిల్డింగు ఆరో అంతస్తుకు చేరతాను. థియేటర్‌కు పోకుండా నేరుగా ఓటీటీలోకి వెళ్లబోయే సినిమాలను జనం కంటే ముందు చూడటం నా పని. చుట్టాలకు చెబితే, సినిమాలు చూస్తే జీతమిస్తారా అని నవ్వుతారు. నేను చూసేది సినిమాను కాదని చెప్పినా వాళ్లకు ఎక్కదు. ప్రతి సీన్లో గోడ మీద ఏ బొమ్మ ఉంది, బల్ల మీద ఏ విగ్రహం ఉంది, కాలేజీ అమ్మాయి గదిలో ఏ పోస్టరు అంటించారు, అవన్నీ రాసుకోవాలి. ఎవరు గీశారో కనిపెట్టాలి. గీసినవాళ్లు ఒప్పుకున్నట్టు ఉత్తరం ఉందా అని సినిమా వాళ్లు పంపిన ఫైల్లో వెతకాలి. ఉత్తరం సరిగ్గా ఉంటే పచ్చ రంగు వేస్తాం. లేకపోతే ఎరుపు. ఎరుపు పడ్డ బొమ్మను పక్క హాల్లో వాళ్లు కంప్యూటర్‌లో మసక చేసేస్తారు. రేపు ఎవరో వచ్చి నా బొమ్మ అని కేసు వేయకుండా ఈ జాగ్రత్త. మా ఆఫీసులో ఒకటే రూలు, అనుమానం ఉంటే మసక. ఫోన్లు గుమ్మం బయటే లాకర్లో పెట్టి లోపలికి రావాలి. రిపోర్టు ఇచ్చేశాక ఆ సినిమా మా కంప్యూటర్లలో ఉండదు.

ఈ పనిలో నాకు మంచి పేరుంది. ఒకసారి ఒక ఏనుగుల బొమ్మను మూడు సినిమాల్లో పట్టుకున్నాను. ఒకదాంట్లో అది జడ్జిగారి ఇంట్లో, ఇంకోదాంట్లో పళ్ల డాక్టరు దగ్గర, మూడోదాంట్లో మంత్రిగారి పడగ్గదిలో ఉంది. మూడు చోట్లా ఫ్రేము కింది మూల ఒకేలా పగిలి ఉంది. సెట్ల సామాను కిరాయికిచ్చే ఒకే గోదాము నుంచి తెచ్చారని చెప్పేశాను. ఆ రోజు నుంచి మా వాళ్లు నన్ను పోలీసు అని పిలుస్తారు. నాకు అది పొగడ్తలాగే వినిపించేది. కానీ ఈ చూపు ఆరింటికి లాగౌట్ అయ్యే చూపు కాదు. కూరగాయలామె తక్కెడనూ చూస్తుంది, పక్కింటివాళ్ల నవ్వునూ చూస్తుంది. అందరికంటే ఎక్కువగా మా వదినను చూసేది.

వదినది కడప వైపు. ఫైనాన్షియల్ డిస్ట్రిక్ట్‌లో ఉద్యోగం. మా అన్న ఎక్కువగా ఊళ్ల మీద తిరిగే పనిలో ఉంటాడు కాబట్టి ఇల్లూ ఆమెదే, నాయిన ఆలనాపాలనా ఆమెదే. అమ్మ పోయి ఆరేళ్లు. మూడేళ్ల కింద వాళ్లు బోరబండ పాత ఇల్లు ఖాళీ చేసి కొత్తగూడలో ఫ్లాటుకు మారారు. ఆదివారాలు నేను వెళ్లి వచ్చేదాన్ని. వెళ్లినప్పుడల్లా ఏదో ఒకటి నా కంట పడేది. అందరికీ గ్లాసు నిండా చాయ్ పోసి నాయినకు మాత్రం సగం గ్లాసే ఇచ్చేది. పొద్దున పేపరు నాయిన ముందు మడత విప్పకుండానే ఉండేది. అన్నిటికంటే ముందు, పాత ఇంట్లో హాల్లో ఉండే అమ్మ బొమ్మ కొత్త ఇంట్లో ఏ గోడ మీదా లేదు. అడిగితే వదిన, సజ్జ మీద పెట్టినాం, మంచి మేకు కొట్టి తగిలిస్తాం అంది. రెండేళ్లు గడిచినా ఆ మేకు పడలేదు.

ఆ బొమ్మ సంగతి చెప్పాలి. నాయిన సర్కారు బడిలో డ్రాయింగ్ మాస్టారు. అమ్మ పుట్టిల్లు ఖాజాగూడ. పెళ్లయిన కొత్తలో అత్తగారింటికి వెళ్లినప్పుడు చెరువు పక్క రాళ్ల మీద అమ్మను కూర్చోబెట్టి గీశాడట. అమ్మ ఒళ్లో బియ్యం చాట ఉంటుంది. వంటకు పొద్దుపోతోందని చిరాకుపడుతూ, గీసేవాడి వైపు కోపంగా చూస్తుంటుంది. మా ఇంట్లో అమ్మ ఫొటోలు నాలుగైదు ఉన్నాయి గానీ అన్నిట్లోనూ కర్ర మింగినట్టు నిలబడింది. అమ్మ అమ్మలా ఉన్నది ఆ బొమ్మలోనే. అయితే నాయిన ఒక పొరపాటు చేశాడు. ఎడమ వైపు ఉండే ముక్కుపుడకను కుడి వైపు పెట్టాడు. ఇంటికి ఎవరొచ్చినా అమ్మ ఆ బొమ్మ చూపించి, ఎవల పెండ్లాన్ని చూసి గీసిండో అడుగుండ్రి అని నవ్వించేది. నాయిన దాన్ని దిద్దనూ లేదు, ఇంకోటి గీయనూ లేదు.

పోయిన వానాకాలం ఒక యాక్షన్ సినిమా నా దగ్గరికి వచ్చింది. గంటా పన్నెండు నిమిషాల దగ్గర హీరో విలన్ బంగళాలోకి వచ్చి బల్ల గుద్దుతాడు. విలన్ భుజం వెనక గోడ మీద టేకు ఫ్రేములో, పైన ఇత్తడి దీపంతో ఒక బొమ్మ. రాయి, చాట, మనిషి. మౌస్ మీద నా వేలు ఆగిపోయింది. అమ్మ, విలన్ ఇంట్లో.

నేను ఏడవలేదు. నా బుర్ర అటు వెళ్లలేదు. ముందు ముక్కుపుడక చూశాను. కుడి వైపు ఉంది. ఎడిటింగ్‌లో షాటును అద్దంలోలా అటుదిటు తిప్పేశారేమోనని హీరో చొక్కా గుండీలు చూశాను. సరిగ్గానే ఉన్నాయి. బొమ్మ మూడు షాట్లలో కలిపి పదకొండు సెకన్లు కనిపిస్తుంది. ఫ్రేము కొత్తది, బొమ్మ పాతది. ఇది మా ఇంటి నుంచి బయటికి పోయింది. ఎవరు పంపారన్నదే ప్రశ్న. నిజం చెప్పాలంటే అది నాకు ప్రశ్న కూడా కాదు. జవాబు నా దగ్గర రెండేళ్ల నుంచి సిద్ధంగా ఉంది.

ఫైలు తెరిచి ఉత్తరం వెతికాను. ఉంది. ఈ బొమ్మ నేను గీసినది, సినిమాలో చూపడానికి నాకు సమ్మతమే అని రెండు వాక్యాలు. కింద నాయిన పేరు, సంతకం. రాత నాయినది కాదు. ఊరగాయ జాడీలకు చీటీలు రాసి అంటించి నాకు పంపే వదినది. ఫోన్ నంబరు కూడా ఆమెదే. ఇక సంతకం. నాయిన సంతకం నాకు చిన్నప్పటి నుంచి తెలుసు. ప్రోగ్రెస్ కార్డు మీద కలం ఎత్తకుండా ఒక్క ఊపులో లాగి కింద గీత గీస్తే క్లాసులో పిల్లలందరూ చూడటానికి ఎగబడేవాళ్లు. ఈ ఉత్తరంలో సంతకం మూడు ముక్కలుగా ఉంది. ఎవరో దాన్ని చూస్తూ భయం భయంగా కాపీ కొట్టినట్టు ఉంది. దొంగ సంతకం అనుకున్నాను. నా పనిలో అంత తేలిగ్గా దొరికిన దొంగ సంతకం ఇంకోటి లేదు.

మా టీమ్ లీడ్ విజయవాడ మనిషి, నెమ్మదస్తుడు. నా కుర్చీ వెనక నిలబడి ఉత్తరం ఉంది కదండీ అన్నాడు. సంతకం మీద నాకు నమ్మకం లేదన్నాను. ఆ నంబరుకు ఫోన్ చేశారా అని అడిగాడు. చేశాను, ఎవరూ ఎత్తలేదన్నాను. నేను ఫోన్ చేయలేదు. బొమ్మ మా నాయిన గీసిందేనని కూడా చెప్పలేదు. చెబితే ఈ సినిమాను ఇంకొకరికి ఇచ్చేస్తారు. అప్పుడు దొంగను నేను పట్టుకున్నట్టు ఎలా అవుతుంది?

రంగు వేసే ముందు ఒక ఆదివారం కొత్తగూడ వెళ్లాను. అమ్మ బొమ్మ చూడాలని ఉందని మామూలుగా అన్నట్టు అన్నాను. వదిన చేతిలో పని ఆపకుండానే, సజ్జ మీద ఉండాదిలే పాపా, ఒకనాడు దించుతా అంది. నాయిన కిటికీలోంచి ఫ్లైఓవర్ చూస్తూ, ఇప్పుడెందుకు బిడ్డా గది అన్నాడు. ఆయన గొంతులో నాకు భయం వినిపించింది. కోడలి ముందు నోరెత్తలేని ముసలాయన భయం. వదిన కింద దుకాణానికి వెళ్లగానే స్టూలేసుకుని సజ్జ వెతికాను. కూలరు, రెండు సూట్‌కేసులు, పాత బొంత. బొమ్మ లేదు. స్టూలు దిగి చేతులు కడుక్కున్నాను. నాయినతో ఒక్క మాట అనలేదు. అడిగితే కోడలిని కాపాడటానికి అబద్ధం చెబుతాడని, ఆయన్ను ఆ ఇబ్బంది పెట్టకూడదని అనుకున్నాను. నా మంచితనానికి నాకే ముచ్చటేసింది.

సోమవారం ఎరుపు వేశాను. ఉత్తరం నమ్మదగినది కాదు, సంతకం అనుమానాస్పదం అని రాశాను. మా అమ్మను వదిన బజారుకెక్కిస్తే నేను దింపాను అనుకున్నాను. రిపోర్టులో నేను రాసింది నాకు ఇప్పటికీ అక్షరం పొల్లుపోకుండా గుర్తుంది.

రెండు నెలలకు సినిమా ఓటీటీలోకి వచ్చింది. ఆ వారమే నాయిన ఫోన్ చేశాడు. ఆదివారం మధ్యాహ్నం రా బిడ్డా, అందరం కూసోని సినిమ చూద్దాం అన్నాడు. ఏ సినిమా అంటే అదే పేరు చెప్పాడు. జీవితంలో నాయిన నన్ను సినిమాకు పిలవలేదు. వదిన చెప్పించి ఉంటుంది, తను పంపిన బొమ్మ తెర మీద చూసుకోవాలని సరదాపడుతోంది అని లెక్కేశాను. మసక వచ్చినప్పుడు ఆమె ముఖం చూడాలని వెళ్లాను. నేను వెళ్లింది అందుకే, ఇంకో కారణం లేదు.

నాయిన తలంటుకుని, ఇస్త్రీ చేసిన తెల్ల చొక్కా వేసుకుని ఉన్నాడు. టీవీకి దగ్గరగా కుర్చీ జరుపుకున్నాడు. రిమోట్ తన ఒళ్లో పెట్టుకుని, ఇయ్యాల నువ్వు మధ్యల ఆపొద్దు అన్నాడు. సినిమా మొదలైంది. గంట కావస్తుండగా వదిన చాయ్ తెచ్చింది. నాయినకు మళ్లీ సగం గ్లాసే. ఈసారి ఆ గ్లాసు ఎటు పోతుందో చూశాను. నాయిన దాన్ని రెండు చేతులతో పట్టుకున్నాడు. నోటి దాకా వెళ్లేసరికి చేతులు రెండూ వణికాయి. చాయ్ అంచు దాకా వచ్చి ఆగింది. నిండా పోస్తే చొక్కా మీద పడేది. పేపరు మడత ఎందుకు విప్పలేదో కూడా తెలిసింది.

వదిన వెనకే వంటింట్లోకి వెళ్లాను.

"సజ్జ మీద బొమ్మ లేదు వదినా. నేను ఎక్కి చూసిన."

ఆమె కంగారు పడలేదు. గ్యాసు ఆపేసి, హాల్లోకి ఒకసారి చూసి గొంతు తగ్గించింది. ఇల్లు మారేటప్పుడు అద్దం పగిలితే కొత్త ఫ్రేము కట్టించడానికి దుకాణానికి తీసుకెళ్లిందట. అక్కడ సినిమా సెట్లు వేసే మనిషి ఒకాయన దాన్ని చూసి వదిలిపెట్టలేదట. ఇంటిదాకా వచ్చి నాయినను అడిగాడట. నాయిన ఒక పూటంతా ఆలోచించి ఒప్పుకున్నాడట. మీ అత్తకు సినిమలంటే పానం, తెర మీద కూసోనీ అన్నాడట. షూటింగ్ నెలలకు నెలలు సాగింది. చివర్లో వానకు సెట్టు కూలింది. బొమ్మ తడిసి రంగంతా కారిపోయింది. వాళ్లు వచ్చి చేతులు పట్టుకుని బాధపడితే నాయిన వాళ్లనే ఊరడించాడు. సినిమల ఉంటది గద, ఫికర్ చెయ్యకుండ్రి అన్నాడట.

"నీకు చెప్పొద్దని మామే ఒట్టు పెట్టించుకున్నాడు పాపా. నా బిడ్డ పనే గోడలు చూసేది కదా, ఎవురూ చెప్పకుండానే వాళ్లమ్మను పట్టుకుంటాది, చూడు అన్నాడు. ఇన్నాళ్లూ నీ ఫోన్ కోసరమే ఎదురుచూసినాడు."

నేను సంతకం గురించి అడిగాను.

"చెయ్యి నిలబడదు కదా. మూడు కాగితాలు పాడు చేసినాడు ఆ పొద్దు. నేను పెడతా మామా అంటే ఒప్పుకోలేదు. నా బొమ్మకు నేనే పెట్టాలన్నాడు."

ఉత్తరంలో రాత ఆమెదే, నంబరు ఆమెదే, సజ్జ ఖాళీయే. నేను పట్టుకున్నవన్నీ నిజాలే. వాటిని కలిపి కుట్టిన దారం ఒక్కటే నా సొంతం. వదినకు అప్పుడే చెప్పేయాల్సింది. ఈలోగా హాల్లోంచి నాయిన పిలిచాడు, సెట్టు మనిషి చెప్పిన బంగళా సీను వస్తోందట, రమ్మని.

ఆ సినిమాలో ఏది ఎప్పుడు వస్తుందో ఆ ఇంట్లో నాకంటే బాగా ఎవరికీ తెలియదు. హీరో కారు బంగళా గేటు దాటితే ఇంకా నాలుగు నిమిషాలు. మెట్లెక్కితే రెండు. నాయిన కుర్చీ అంచుకు జరిగాడు. నేను ఆయన ఒళ్లో రిమోట్ వైపు చూశాను. లాక్కుని ఆపేస్తే? ఆపి ఏం చెప్పాలి? హీరో తలుపు తోశాడు. బల్ల గుద్దాడు. విలన్ భుజం వెనక టేకు ఫ్రేము, ఇత్తడి దీపం, మధ్యలో తడిగుడ్డతో తుడిచేసిన పలకలాంటి మరక.

నేను వదిన ముఖం చూడలేదు. అందుకోసమే వచ్చినదాన్ని, అటు తల తిప్పలేకపోయాను.

నాయిన కళ్లద్దాలు తీశాడు. చొక్కా కొసతో తుడిచాడు. వణికే చేతులతో చెవులకు తగిలించుకోవడానికి కాసేపు పట్టింది. ఈలోగా సీను అయిపోయింది. వదిన వచ్చి రిమోట్ తీసుకుని వెనక్కి తిప్పింది. మళ్లీ హీరో, మళ్లీ బల్ల, మళ్లీ మరక. నాయిన మళ్లీ అద్దాలు తీసి, ఈసారి ఊది, ఇంకా గట్టిగా తుడిచాడు.

"బిడ్డా, నాకే గిట్ల కనవడుతుందా?"

"అద్దాలు మంచిగనే ఉన్నయి నాయినా. దాన్ని చెరిపిచ్చింది నేనే."

మొత్తం చెప్పాను. గుండీల నుంచి సజ్జ దాకా, చేయని ఫోన్ దాకా, వదిన మీద అనుకున్నదంతా వదిన ముందే చెప్పాను. ఆమె రిమోట్ పట్టుకుని అలాగే నిలబడింది. ఆఫీసులో నిజం ఒప్పుకుంటాను, మళ్లీ పెట్టమని అడుగుతాను అన్నాను. బయటికి వెళ్లిపోయిన సినిమాను మా వాళ్లు ఎప్పుడూ వెనక్కి పిలవలేదని నాకు తెలుసు. తర్వాత అడిగాను కూడా. పిలవలేదు.

నాయిన తిడతాడని చూశాను. తిడితే బాగుండేది. తెర మీద ఎవరెవరో కొట్టుకుంటున్నారు. ఆయన కుర్చీ కొద్దిగా నా వైపు తిప్పుకున్నాడు.

"చెరపకముందు నువ్వు చూసినవు గద?"

"చూసిన."

"ఎట్ల కనవడ్డది మీ అమ్మ, గంత పెద్దింట్ల?"

ఆ పదకొండు సెకన్లను నేను ఎన్నిసార్లు ముందుకూ వెనక్కూ తిప్పానో లెక్కలేదు. ఫ్రేము చెక్క చూశాను, దీపం చూశాను, రంగు ఎక్కడ పెచ్చులూడిందో చూశాను. దొంగను చూశాను. ఆ కోపపు చూపు తెర మీద ఎలా ఉందో మాత్రం ఒక్కసారి కూడా చూడలేదు. ఎంత వెతుక్కున్నా నాకేమీ గుర్తు రాలేదు.

మంచిగ కనవడ్డది నాయినా అన్నాను. ఆయన తల ఊపాడు. నేను ఇంకా ఏమైనా చెబుతానేమోనని నా ముఖం వైపే చూస్తూ కూర్చున్నాడు.